వైద్యుడు వ్యాధిని ఎట్లు పోల్చుకొనును?

నాడి పట్టి చూచినంతనే రోగమును చెప్పగలవాడే గొప్ప వైద్యుడని మన పల్లెలలో చిరకాలముగా ఒక నమ్మకము కలదు. "ఏమి బాధ?" అని అడిగిన వైద్యుని చూచి, "అది చెప్పవలసినవాడవు నీవు గదా!" అని లోలోపల నవ్వుకొను పెద్దలు ఇప్పటికిని కొందరున్నారు. పట్టణములలో ఈ నమ్మకమే మరొక వేషము వేసికొన్నది. అచటివారికి నాడికి బదులు యంత్రము కావలెను. రక్తము తీయవలెను, ఫోటో పట్టవలెను, కాగితము మీద అంకెలు రావలెను. అప్పుడు గాని వైద్యము జరిగినట్లు తోచదు. ఈ రెండు నమ్మకములును పైకి వేరుగా కనుపించినను మూలమున ఒక్కటే. రోగి నోరు విప్పవలసిన పని లేదనుటయే ఆ మూలము. శ్రోతలారా, వైద్యము ఆ విధముగా నడవదు. అది ఎట్లు నడచునో, మన సీమకు బాగుగా తెలిసిన క్షయవ్యాధిని ముఖ్యమైన ఉదాహరణముగా తీసికొని ఈనాడు మనవి చేసెదను.

మన పూర్వులును నాడి నొక్కదానినే నమ్ముకొని కూర్చుండలేదు. తెలుగునాట వైద్యులు తరతరములుగా పఠించిన బసవరాజీయమున నాడీపరీక్షకు పెద్దపీట వేసిన మాట నిజమే. కాని ఆయుర్వేదమున అష్టస్థాన పరీక్ష అనునది కలదు. నాడి, మూత్రము, మలము, నాలుక, శబ్దము, స్పర్శ, కన్నులు, ఆకృతి అను ఎనిమిదింటిని వైద్యుడు చూడవలెనని దాని తాత్పర్యము. మూత్రమునకు చీమలు పట్టినచో మధుమేహమని ఆ కాలమువారు గ్రహించిరి. నేడు పరగడుపున తీసిన రక్తమున డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని చక్కెర ఉండి, మరొకమారు చూచినను అట్లే ఉన్నచో అది మధుమేహమని నిర్ణయింతురు. చీమలు చెప్పిన సంగతినే యంత్రము కొంత ముందుగా, అంకెలలో చెప్పుచున్నది.

ఇక ప్రస్తుతమునకు వత్తము. పెన్న యొడ్డున నున్న రొద్దము నుండియో, ఆ చుట్టుపట్ల పల్లె నుండియో ఒక రైతు భార్యను వెంటబెట్టుకొని, బస్సెక్కి, పెనుకొండ ఆస్పత్రికి వచ్చినాడనుకొందము. "దగ్గు" అని ఒక్క మాట చెప్పి అతడు ఊరకుండును. వైద్యుని పని ఇక్కడ ప్రారంభమగును.

"ఎన్ని దినాలాయెనప్పా దగ్గు పట్టి?"

"శెనక్కాయలు పెరికేటప్పుడు పట్టుకునింది సార్. దుమ్ముకు వచ్చిందనుకుంటి."

"కళ్లె పడుతుందా?"

"పడుతుంది సార్, తెల్లారి లేస్తూనే."

"అందులో ఎప్పుడైనా ఎర్రగా కనిపించిందా?"

రైతు వెంటనే బదులు చెప్పడు. భార్య వైపు చూచును. ఆమె చెప్పును: "ఒగ దినం పడింది సార్. ఎవురికీ చెప్పద్దన్న్యాడు."

ఈ నాలుగు మాటలలో ఎంత సంగతి ఉన్నదో చూడుడు. వేరుసెనగ పెరికినది దీపావళి ప్రాంతమున. ఇప్పుడు సంక్రాంతి దాటినది. అనగా దగ్గు పట్టి రెండు నెలలు మించినది. జలుబుతో వచ్చు దగ్గు సాధారణముగా రెండు మూడు వారములలో తగ్గుముఖము పట్టును. రెండు వారములు దాటియు దగ్గు నిలిచినచో క్షయ ఉన్నదేమో పరీక్షింపవలెనని మన దేశమున నియమము. ఈ నియమమునకు ఏ యంత్రమును అక్కరలేదు. పండుగలు లెక్కపెట్టుట వచ్చినచో చాలును. రక్తపు చారను రైతు దాచినాడు. క్షయ అని పేరు పడినచో కూతురి పెండ్లి నిలిచిపోవునేమో అని అతని భయము. ఆ భయము నెరిగిన వైద్యుడు ప్రశ్నను మెల్లగా అడుగును, ఒక్కొక్కప్పుడు వేరుగా పిలిచి అడుగును. సాయంకాలము ఒళ్లు వెచ్చబడుచున్నదా? రాత్రివేళ చెమట పట్టి చొక్కా తడియుచున్నదా? నిరుటి చొక్కా ఈ ఏడు వదులైనదా? ఇంటిలో మరెవ్వరికైన దగ్గు ఉన్నదా? బీడీ కాల్చు అలవాటు కలదా? చక్కెర జబ్బు ఉన్నదా? ఈ చివరి ప్రశ్న అసంగతముగా తోచవచ్చును. కాని మధుమేహము గలవారికి క్షయ వచ్చు అవకాశము ఇతరులకంటె రెండు మూడు రెట్లు హెచ్చు. కనుకనే క్షయ తేలిన ప్రతివారికిని రక్తమున చక్కెరను కూడ చూతురు.

ఈ ప్రశ్నలకు పది నిమిషములు పట్టును. బయట బల్లల మీద నూరుమంది కూర్చున్న ఆస్పత్రిలో ఒక్కొక్కరికి పది నిమిషము లిచ్చుట ఎట్లని వైద్యులు అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. అయినను, మొదటి ప్రశ్నకు, అనగా ఎన్నాళ్ల నుండి అను ప్రశ్నకు, అరనిమిషము చాలును.

తరువాతిది చూచుట. రోగి గదిలోనికి నడచి వచ్చునప్పుడే వైద్యుని కన్ను పని ప్రారంభించును. ఆయాసపడుచున్నాడా, మాట మధ్యలో ఊపిరికై ఆగుచున్నాడా అని గమనించును. క్రింది కనురెప్పను లాగి చూచినచో రక్తహీనత తెలియును. కంటిలోని తెలుపు పసుపుబారినచో కామెర్లు. చేతిగోళ్లు గుండ్రముగా ఉబ్బి, వ్రేళ్ల కొనలు డోలు కర్రల వలె లావైనచో ఊపిరితిత్తులలోనో గుండెలోనో దీర్ఘకాలపు జబ్బు కలదేమో అని అనుమానింపవలెను. మెడను తడవి గ్రంథులు ఉబ్బినవేమో చూచును. క్షయ ఊపిరితిత్తులకే గాక మెడ గ్రంథులకును, ఎముకలకును, మెదడు పొరలకును వచ్చును.

పిమ్మట తట్టుట. కుండ కొను ఇల్లాలు దానిని వ్రేలితో తట్టి చూడక కొనదు. మ్రోతను బట్టి బీట ఉన్నదో లేదో పోల్చుకొనును. మనిషి రొమ్మును కూడ అట్లు తట్టి చూడవచ్చునని మొదట గ్రంథస్థము చేసినవాడు వియన్నా నగరపు వైద్యుడు ఆయెన్‌బ్రుగ్గర్. ఆయన తండ్రి సత్రము నడిపెడివాడు. పీపాలో సారాయి ఎంతవరకున్నదో పైనుండి తట్టి తెలిసికొనుట బాల్యమున చూచిన అనుభవమే ఆయనకు ఈ తలంపు నిచ్చినదని చెప్పుదురు. గ్రంథము 1761లో వెలువడినది. తోటివైద్యులు చాలకాలము పట్టించుకొనలేదు. 1808లో కోర్విసార్ అను ఫ్రెంచి వైద్యుడు దానిని అనువదించిన పిమ్మట గాని లోకమునకు దాని విలువ తెలియలేదు. ఇప్పటికిని వైద్యులు చేయునది అదియే: ఎడమచేతి నడిమి వ్రేలిని రొమ్ముపై ఆనించి, కుడిచేతి నడిమి వ్రేలితో దానిపై కొట్టుదురు. లోపల గాలి ఉన్నచో బోలు మ్రోత వచ్చును. ఊపిరితిత్తి చుట్టు నీరు చేరినచో రాతిని తట్టినట్లుండును. మన దేశమున అట్లు నీరు చేరుటకు ముఖ్య కారణములలో క్షయ ఒకటి.

వినుటకు సాధనము మరి కొంతకాలమునకు దొరకినది. 1816లో పారిసు నగరమున లేనెక్ అను వైద్యుడు ఒక యువతి గుండెను పరీక్షింపవలసి వచ్చెను. ఆ రోజులలో రొమ్ముకు చెవి ఆనించి వినుటయే పద్ధతి. అందుకు ఆయనకు సంకోచము కలిగెను. కాగితములను గొట్టముగా చుట్టి ఒక కొనను ఆమె రొమ్ముపైనను, రెండవ కొనను తన చెవిపైనను పెట్టి వినగా, చెవి ఆనించి వినినదానికంటె స్పష్టముగా వినవచ్చెను. తరువాత కొయ్యతో చేయించెను. నేడు వైద్యుని మెడలో వ్రేలాడు స్టెతస్కోపునకు అదియే ఆది. దానితో క్షయరోగుల రొమ్ములను ఎందరివో వినిన లేనెక్ 1826లో ఆ వ్యాధితోనే మరణించెను.

ఇంతవరకు అడిగి, చూచి, తట్టి, వినిన వైద్యుని చేతిలో ఉన్నది వ్యాధి కాదు, అనుమానములు మాత్రమే. మన రైతుది క్షయ కావచ్చును. బీడీల వలన ఊపిరిగొట్టములు చెడి ఉండవచ్చును. ఉబ్బసమో, గుండెజబ్బో, పుండు కట్టిన కంతియో కావచ్చును. వీనిలో ఏది హెచ్చు సంభావ్యము, ఏది తప్పిపోయినచో హెచ్చు ప్రమాదము అని వైద్యుడు మనసులో వరుస పెట్టుకొనును. పరీక్ష వచ్చునది ఇప్పుడు. పరీక్ష అనునది రోగిని విడిచి యంత్రమును అడుగు ప్రశ్న. ప్రశ్న సరిగా లేనిచో జవాబు పనికిరాదు.

జ్వరము విషయమున దీనిని ఇంకను స్పష్టముగా చూడవచ్చును. చలిజ్వరము వచ్చినవాని వ్రేలి కొన నుండి ఒక రక్తపు బొట్టు తీసి, గాజుపలకపై పూసి, రంగు వేసి చూచినచో మలేరియా క్రిమి ఎర్ర రక్తకణము లోపల కంటికి కనుపించును. 1880లో లావెరాన్ అల్జీరియాలో దీనిని కనుగొనెను. దోమ కడుపులో దానిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన. దొంగను కంట చూచినట్టిది ఈ పరీక్ష. టైఫాయిడు జ్వరమునకు 1896లో విడాల్ పేర వచ్చిన రక్తపరీక్ష అట్టిది కాదు. అది క్రిమిని చూపదు. క్రిమికి ఎదురుగా శరీరము పుట్టించిన ప్రతిపదార్థమును మాత్రమే చూపును. జబ్బు పుట్టిన మొదటి వారమున ఆ పదార్థము తగినంత ఉండకపోవచ్చును. ఎప్పుడో వచ్చిపోయిన జబ్బు వలనను, టీకా వలనను అది రక్తమున నిలిచి ఉండవచ్చును. అనగా ఇది దొంగను కాక అడుగుజాడను చూచుట. ఆ జాడ నిన్నటిదో, నిరుటిదో తెలియదు. ఈ ఒక్క కాగితమును చూచి టైఫాయిడని తీర్మానించుట మన ఊళ్లలో మిక్కిలి సాధారణము. అంత సాధారణము కాకుండినచో బాగుండును.

క్షయ విషయమున దొంగను చూచు మార్గము 1882 మార్చి 24వ తేదీన తెలియవచ్చినది. ఆనాడు బెర్లిను నగరమున రాబర్ట్ కోక్ క్షయక్రిమిని కనుగొన్నట్లు ప్రకటించెను. ఆ క్రిమికి మైనము వంటి గట్టి పొర ఉండును. మామూలు రంగు దానికి పట్టదు. రోగి కఫమును గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, ఎర్ర రంగు పోసి ఆవిరి వచ్చువరకు వేడిచేయుదురు. వేడికి రంగు లోనికి దిగును. పిమ్మట ఆమ్లముతో కడుగుదురు. తక్కినవన్నియు రంగు వదలును. క్షయక్రిమి మాత్రము వదలదు. తరువాత నీలిరంగు వేసి సూక్ష్మదర్శినిలో వేయిరెట్లు పెద్దదిగా చూచినచో నీలి నేలపై సన్నని ఎర్ర పుల్లల వలె అవి కనుపించును. లేవని చెప్పుటకు ముందు కనీసము నూరు చోట్ల చూడవలెను. ఇది ఓపికతో కూడిన పని. జిల్లాలోని లాబరేటరీలలో దీపము ముందు కూర్చుండి ఈ పని చేయు టెక్నీషియనుల పేర్లు ఏ రోగికిని తెలియవు.

అయితే ఈ పరీక్షకును హద్దు కలదు. మిల్లీలీటరు కఫమున అయిదువేల నుండి పదివేల వరకు క్రిములున్నగాని సూక్ష్మదర్శినిలో కనబడవు. కాబట్టి "లేదు" అని వచ్చిన కాగితము "జబ్బు లేదు" అను తీర్పు కాదు. అట్టి సమయమున కఫమును కోడిగ్రుడ్లతో తయారుచేసిన ఆహారముపై నాటి పెంచి చూచు పద్ధతి కలదు; దానిలో మిల్లీలీటరునకు పది నుండి నూరు క్రిములున్నను దొరకును. కాని క్షయక్రిమి మహా సోమరి. తక్కిన క్రిములెన్నో అరగంటలోపల రెండింతలగుచుండగా, దీనికి ఇంచుమించు ఒక దినము పట్టును. అందువలన ఆ పద్ధతిలో జవాబునకు ఆరు నుండి ఎనిమిది వారములు వేచియుండవలెను. రోగి అంతకాలము వేచియుండునా అనునదే చిక్కు.

ఈ చిక్కును గూర్చి మన జిల్లాకు ఒక చరిత్ర ఉన్నది. అది మనవారికే సరిగా తెలియదని నా అభిప్రాయము. ఒకప్పుడు క్షయ అనగా మదనపల్లె వద్దనున్న ఆరోగ్యవరము. 1915 నుండి అచట శానటోరియము నడచినది. నెలల తరబడి వరండాలలో గాలికి పడుకొనుట ఆనాటి చికిత్స. మందులు వచ్చిన పిమ్మట, ఇంటివద్ద ఉండి మందు తినినను శానటోరియములో ఉన్నంత గుణమిచ్చునని మద్రాసులోని క్షయ చికిత్సా కేంద్రము 1959లో నిరూపించెను. మరి రోగులెవ్వరో కనుగొనుట ఎట్లు? ఎక్స్‌రే బండ్లను ఊరూర త్రిప్పవలెనని నాడు పలువురు నిపుణుల తలంపు. అన్ని ఊళ్లకు బండ్లు ఎక్కడివి? బెంగుళూరున 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థవారు మన సరిహద్దునకు ఆవలనున్న తుమకూరు జిల్లాలో ఊళ్లు తిరిగి, కఫమున క్రిములున్న రోగులతో మాటలాడి చూచిరి. బెనర్జీ, ఆండర్సన్ అను ఇద్దరు 1963లో ఆ ఫలితములను ప్రకటించిరి. రోగులలో చాలమందికి తమకు ఏదో జబ్బున్నదని తెలియును. అంతేకాదు, సగముమందికి పైగా అప్పటికే ఆస్పత్రికి పోయి వచ్చినవారే! వారిని పరీక్షించినవారు లేరు. దగ్గుమందు సీసా చేతికిచ్చి పంపివేసిరి.

అనగా పల్లెవాడు అజ్ఞాని, జబ్బు వచ్చినను కదలడు అను మాట ఆనాడు తేలిపోయినది. కదలినవాడు గుమ్మము దాక వచ్చెను. గుమ్మము లోపల అడుగవలసిన ప్రశ్న అడుగబడలేదు. ఈ దృష్టితో ఆ సంస్థవారు ఒక పథకమును రూపొందించి 1961లో మొట్టమొదట అమలుపెట్టి చూచినది మన అనంతపురము జిల్లాలోనే. రొద్దము, పెనుకొండ, హిందూపురము, ధర్మవరము నాడు ఆ జిల్లాలోనివే; శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది 2022 ఏప్రిలులో. జిల్లా కేంద్రమున ఒక క్షయ కేంద్రము. చుట్టుపట్ల సూక్ష్మదర్శిని ఉన్న ప్రతి ఆస్పత్రిలోను, దగ్గుతో తమంత తాముగా వచ్చినవారి కఫమును చూచుట. సూక్ష్మదర్శిని లేనిచోట కఫమును గాజుపలకపై పూసి ఉన్నచోటికి పంపుట. ఇంతే ఆ పథకము. మరుసటి ఏడు, 1962లో, దేశమంతటికి జాతీయ కార్యక్రమముగా వచ్చినది ఈ మాదిరియే. ఆచరణలో అది అన్ని చోట్ల ఆశించినంతగా సాగలేదు. 1990 తరువాత దానిని సవరించి నడుపవలసి వచ్చెను. కాని ఆలోచన సరియైనదే.

ఎక్స్‌రేను నేను తక్కువ చేయుట లేదు. రాంట్‌జెన్ 1895లో ఆ కిరణములను కనుగొన్న నాటి నుండి వైద్యునికి మూడవ కన్ను లభించినట్లయినది. కాని ఎక్స్‌రేలో కనబడునది నీడ. పాత గాయపు మచ్చయు నీడయే, కంతియు నీడయే. ఒకే పటమును చూచి ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చెప్పుటయు, ఒకే నిపుణుడు కొన్నాళ్లకు మరల చూచి తన మాటనే మార్చుటయు కలవని గత శతాబ్దపు మధ్యకాలమున జరిగిన పరిశీలనలు చూపినవి. నీడ అనుమానమును పెంచును. తీర్పు కఫమున ఉన్నది. నేడు ఆ తీర్పు త్వరగా వచ్చుచున్నది. కఫములోని క్రిమి యొక్క జన్యుపదార్థమును పట్టుకొను యంత్రమును 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించినది. అది సుమారు రెండు గంటలలో క్రిమి ఉన్నదో లేదో చెప్పును. ముఖ్యమైన మందగు రిఫాంపిసిన్ ఆ క్రిమిపై పనిచేయునో చేయదో కూడ చెప్పును. మన దేశముననే తయారైన ట్రూనాట్ అను యంత్రము విద్యుత్తు నిలకడలేని చిన్న ఆస్పత్రులలో సైతము బ్యాటరీతో నడచును.

ఇంత వచ్చినను లెక్కలు మనలను ఊరకుండనీయవు. 2019 నుండి 2021 వరకు దేశమంతట జరిగిన క్షయ సర్వేలో, లక్షణములున్నవారిలో 64 శాతము మంది ఏ వైద్యుని వద్దకును పోలేదని తేలినది. వ్యాధి బయటపడినవారిలో 42.6 శాతము మందికి అడుగగా చెప్పదగిన లక్షణములే లేవు. వారిని పట్టిచ్చినది ఎక్స్‌రే. ప్రశ్నలు అడుగుటయే ప్రధానమని ఇంతసేపు చెప్పితిని. ప్రశ్నకు అందని రోగులు ఇంతమంది కలరనుట కూడ అంతే నిజము. అందుకే ఇప్పుడు చేతితో మోసికొనిపోగల ఎక్స్‌రే యంత్రములను ఊళ్లకు తెచ్చి, చక్కెర జబ్బువారిని, వృద్ధులను, క్షయరోగుల ఇంటివారిని దగ్గు లేకున్నను చూచుచున్నారు. అరువది ఏండ్ల క్రింద బండ్లు కావలెనన్నవారి మాటకును ఈ విధముగా కొంత న్యాయము జరిగినది.

చివరగా కఫము ఇచ్చు పద్ధతిని గూర్చి చెప్పవలెను. పరీక్ష తప్పిపోవుటకు సగము కారణము ఇక్కడనే ఉన్నది. డబ్బీ చేతికిచ్చినప్పుడు చాలమంది ఉమ్మి వేసి ఇత్తురు. ఉమ్మిలో క్రిమి సాధారణముగా దొరకదు. తెల్లవారి లేచినంతనే నోటిని నీళ్లతో పుక్కిలించి, నిండుగా గాలి పీల్చి, రెండు మూడు మారులు అట్లు చేసి, రొమ్ము లోతు నుండి దగ్గి కఫమును తెప్పించి డబ్బీలో వేయవలెను. గదిలో కాక ఆరుబయట, ఇతరులకు దూరముగా చేయవలెను. మూత బిగించి ఆ పూటయే ఆస్పత్రికి చేర్చవలెను. ఆస్పత్రి దూరమైనచో ఆశా కార్యకర్తకు అప్పగింపవచ్చును. ప్రభుత్వ ఆస్పత్రులలో ఈ పరీక్షకు గాని, తరువాతి మందులకు గాని రుసుము లేదు. దగ్గుమందు మాత్రమే వ్రాసి పంపబోయినచో, "అయ్యా, రెండు వారములు దాటినది, కఫము చూతురా?" అని రోగియే అడుగవచ్చును, అది వైద్యుని అగౌరవపరచుట కాదు.

మన రైతు కఫమున క్రిమి కనబడినదనుకొందము. అప్పుడు ఆయన భార్యను, ఇంటిలోని పెద్దలను, పిల్లలను కూడ పరీక్షింతురు. పెద్దలు కఫము ఇయ్యగలరు. చిన్నపిల్లలు కఫమును ఉమ్మలేరు, మ్రింగివేయుదురు. కనుక బిడ్డ తెల్లవారి ఏమియు తినకముందే సన్నని గొట్టము ద్వారా కడుపులోని రసమును తీసి, దానిలో క్రిమికై వెదకుదురు.